కొత్త బియ్యంతో బగారన్నం

నిజామాబాద్‌లో పెళ్లి వంటలకు పోయే ఆడవాళ్లకు ఒక హద్దు ఉంటుంది. ఎవరూ గీత గీయరు, కానీ ఉంటుంది. ఉల్లిగడ్డలు కోయడం, అల్లం ఎల్లిగడ్డ నూరడం, పుదీనా ఏరడం, గిన్నెలు తోమడం గీతకు ఇవతల. పొయ్యి, డేగిసా, గంటె అవతల. అవతల అంతా మగవాళ్లే. నేను ఇవతల కూర్చుని ఏళ్ల తరబడి ఉల్లిగడ్డలు కోశాను. నాకు కోపం ఎక్కువ. ఉల్లిగడ్డలు కోసేవాళ్లకు ఒక సుఖం ఉంది, కోపంతో కళ్ల నీళ్లు పెట్టుకున్నా ఎవరూ ఎందుకని అడగరు.

డేగిసా అంటే పెళ్లికి అన్నం వండే రాగి పాత్ర. లోపల కళాయి పూసి ఉంటుంది. మా మేస్త్రి దగ్గరున్న పెద్ద డేగిసాలో నేను కూర్చుంటే నా కొప్పు కూడా బయటికి కనబడదు. దాని ముందు నిలబడేవాడే మేస్త్రి. పెళ్లివాళ్లు పలకరించేది అతన్ని, బాగుంటే మెచ్చుకునేది అతన్ని, చెడితే తిట్టేది కూడా అతన్నే. నాకు అక్కడ నిలబడాలని ఉండేది. తిట్లు తినడానికి కూడా సిద్ధమే.

మా మేస్త్రి వయసు మళ్లినవాడు. పట్టణంలో ఆయన వంట తెలియనివాళ్లు లేరు. "ఆయన చేతిలో ఏదో ఉందమ్మా" అనేవాళ్లు. మా అత్తది కూడా అదే మాట: "వంట చేతిల ఉంటదే, నేర్సుకుంటే వచ్చేది కాదు." ఈ మాట వింటే నాకు ఒళ్లు మండేది. చేతిలో ఉండేదైతే ఇక నేర్చుకోవడానికి ఏమీ లేదు, చేతిలో లేనివాళ్లు కత్తిపీట ముందు కూర్చుని ముసలివాళ్లు కావాలి, అంతేగా! అందుకని కోస్తూ కోస్తూనే ఆయన చేతివైపు చూస్తూ ఉండేదాన్ని, అందులో ఏముందో కనిపెడదామని.

ఆ చెయ్యి చాలాసేపు ఆయన వీపు వెనకే ఉండేది. కొత్తగా ఎవడైనా పనికి వస్తే డేగిసా దగ్గర నిలబెట్టి, పెద్ద గంటె చేతికిచ్చి, "నేను చాయ్ తాగొస్త. గప్పటిదాక ఏం చెయ్యకు, ఊకె నిలబడు" అని వెళ్లిపోయేవాడు. చాలామంది ఆగలేకపోయేవాళ్లు. ఎదురుగా అన్నం కుతకుతమంటుంటే, చేతిలో గంటె ఉంటే, కలపకుండా ఉండడం మనిషి వల్ల అయ్యే పని కాదు. మేస్త్రి తిరిగొచ్చి మూత ఎత్తేవాడు. మెతుకులు విరిగి కనిపిస్తే "రేపటి సంది పప్పు కాడ ఉండు" అనేవాడు. ఎందుకో చెప్పేవాడు కాదు. పనిలో చెయ్యి పెట్టడం అందరికీ వస్తుంది, ఎప్పుడు పెట్టకూడదో తెలిసినవాడే పనివాడని ఆయన్ని చూసే నాకు అర్థమైంది. కానీ ఆ ముక్క ఆయన నోటివెంట ఒక్కనాడూ రాలేదు. అడిగితే "సూస్తుండు, అదే వస్తది" అనేవాడు. చూశాను, వచ్చింది. నోరు విప్పి చెప్పి ఉంటే ఇంకా చాలా ముందే వచ్చేది.

నేను అట్లా కాదు. నేను అడుగుతాను. పెళ్లివాళ్లు మాట్లాడుకోవడానికి వస్తే కత్తిపీట దగ్గరినుంచే కేకేసి అడిగేదాన్ని. బియ్యం పాతవా కొత్తవా? నీళ్లు బోరువా కుళాయివా? పొయ్యి ఎక్కడ తవ్వుతారు, గాలి ఎటునుంచి వస్తుంది? ముహూర్తం పొద్దునా, మధ్యాహ్నమా? మా మగవాళ్లు పడీపడీ నవ్వేవాళ్లు. "గీమె వంట చేస్తానికి వచ్చిందా, పిల్లను సూస్తానికి వచ్చిందా?" అనేవాళ్లు. నా పక్కన కోసే అక్క ఒక్కతే నవ్వేది కాదు. ఆమె అంతకుముందు బీడీలు చుట్టేది. చూడకుండానే ఉల్లిగడ్డను కాగితంలా సన్నగా కోస్తుంది. తల్లిగారిది మహారాష్ట్ర వైపు కాబట్టి కోపం వస్తే మరాఠీలో తిడుతుంది. మగవాళ్లను ఆమె ఏమనేదో నాకు పూర్తిగా అర్థమయ్యేది కాదు కానీ వినడానికి హాయిగా ఉండేది.

ఒక కార్తీకంలో నాకు అదృష్టం కలిసొచ్చింది. మంచి ముహూర్తం ఒకటే పడింది, జిల్లా అంతా ఆరోజే పెళ్లిళ్లు. మా మేస్త్రి నవీపేట్ పెళ్లికి ముందే మాటిచ్చేశాడు. అప్పుడు కోటగిరి వైపు నుంచి ఒక రైతు వచ్చాడు, కొంచెం కుంటుతూ. వాళ్ల తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ కాలువ కింద భూమి చేసుకుంటున్న కుటుంబం. కూతురి పెళ్లి. ఏ మేస్త్రి దగ్గరికి పోయినా ఖాళీ లేదన్నారట. మా మేస్త్రి కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత నావైపు వేలు చూపించి, "గామె చేస్తది" అన్నాడు.

రైతు నన్ను చూశాడు, నా ముందున్న ఉల్లిగడ్డల గుట్టను చూశాడు.

"ఆవిడా? అంత వంట ఆడమనిషి వల్ల ఎట్టా అవుద్దండీ?"

"వేరేటోళ్లు దొరికితే తెచ్చుకో పటేలా, నేను వద్దన్ననా?" అన్నాడు మేస్త్రి.

ఎవరూ దొరకరని ముగ్గురికీ తెలుసు. రైతు వెళ్లిపోయాక మేస్త్రి నన్ను పక్కకు పిలిచాడు. "సక్కగ చేస్తే నువ్వు మేస్త్రివి. చెడగొడితే మళ్ల నా కాడ ఉల్లిగడ్డలే. ఇంకో ఆడామెను గూడ ఈ పట్నంల ఎవ్వడు పొయ్యి కాడికి రానియ్యడు. యాదిల పెట్టుకో." భయపెట్టడానికి అనలేదు, ఉన్నమాటే అన్నాడు. ఆరోజు ఇంటికి పోతూ నేను దారి పొడవునా నవ్వుకుంటూనే ఉన్నాను.

మర్నాడే అక్కను వెంటబెట్టుకుని కోటగిరి బస్సు ఎక్కాను. వంటకు ముందు చోటు చూడకపోతే నాకు నిద్ర పట్టదు. రైతు ఇంటి పక్కన కళ్లం ఉంది, టెంటు అక్కడే వేస్తారట. నీళ్లు మంచివే. పొయ్యి తవ్వేచోట గాలి కూడా అనుకూలంగా ఉంది. అంతా బాగానే ఉందనుకుంటుండగా ఆయన బియ్యం సంచి విప్పి దోసిట్లోకి తీసి నా ముందు పెట్టాడు.

"చూడమ్మా. మా పొలంవి. కోసి ఎన్నాళ్లో కాలేదు, నిన్నగాక మొన్న మర పట్టించాం. మా అమ్మాయి పెళ్లిలో మా అన్నమే తినాలి అందరూ."

సన్నబియ్యం. తెల్లగా, మల్లెమొగ్గల్లా ఉన్నాయి. వాసన కూడా కమ్మగా ఉంది. నేను మాత్రం ఒక గింజ పంటితో కొరికి చూశాను, పచ్చి ఇంకా పోలేదు.

పెళ్లికొడుకు వాళ్లది నిజామాబాద్ పట్టణం. వాళ్లు బగారన్నం ఉండాల్సిందే అన్నారు. బగారన్నానికి గంజి వార్చరు. మసాలా, పుదీనా వేసిన ఎసట్లో బియ్యం పోసి, మూతమీద నిప్పులు పెడితే పోసిన నీళ్లన్నీ బియ్యమే తాగాలి, మెతుకు మెతుకు విడిగా నిలబడాలి. పాత బియ్యం అట్లా నిలబడుతుంది. కొత్త బియ్యంలో ఇంకా పచ్చి ఉంటుంది, జిగురు ఉంటుంది. మూత తీసేసరికి గంటె నిలువునా దిగబడిపోయే ముద్ద అవుతుంది. కొనుక్కుని తినేవాడు కొట్టుకుపోయి పాత బియ్యం ఇవ్వమని అడుగుతాడు. కొత్త బియ్యంతో పెళ్లి చేయాలనే ఆలోచన పండించినవాడికి తప్ప ఇంకొకరికి రాదు. పైగా వాళ్లింట్లో ఎప్పుడూ గంజి వార్చే అన్నమే. వార్చితే కొత్త బియ్యమైనా తియ్యగా, మెత్తగా బాగుంటుంది. బగారన్నం ఆయన ఎప్పుడూ ఇతరుల ఇళ్లలో తిన్నవాడే గానీ ఇంట్లో వండించినవాడు కాదు.

"అన్నా, గివి బగారకు పనికి రావు. ముద్దయితది. పాతయి తెప్పియ్యి" అన్నాను.

ఆయన మొహం ఎర్రబడింది. "మా పొలం బియ్యం పనికిరావా? ఏం మాటమ్మా అది? వండటం రాకపోతే రాదని చెప్పు."

నాకూ నోరు లేచేదే. ఇంతలో లోపలినుంచి పెళ్లికూతురు వచ్చింది. ఎండకు కమిలిన చేతులు, కాటుక లేని కళ్లు, పెళ్లి పది రోజుల్లో పెట్టుకున్న పిల్లలా లేదు. తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టి, తనే చెప్పింది. నాట్లకు ముందు ట్రాక్టర్ మీదినుంచి పడి ఆయన కాలు విరిగింది. ఆ పంట మొత్తం ఈ పిల్లే చూసుకుంది. కాలువ నీళ్ల వంతు కోసం మగవాళ్ల మధ్య నిలబడి కొట్లాడింది, కూలీలను పిలిచింది, కోత మిషను రాకపోతే దాని వెంట ఊళ్లు తిరిగింది. ఈ బియ్యం ఆమె పండించినవి. నా కూతురు చేసిందని నోరారా చెప్పుకోవడం తండ్రికి చేతకాక, ఊరందరికీ ఆ అన్నం పెట్టాలని పట్టుబట్టాడు.

"అక్కా, వీటితో అవుతుందా, అవదా? అవదంటే చెప్పండి, నాన్నకి నేను నచ్చజెప్తా" అంది ఆ పిల్ల.

అవదు అనాలి. పని తెలిసినవాళ్లు ఎవరైనా అదే అంటారు. కానీ ఆ పిల్ల మాట నాకు లోపలెక్కడో తగిలింది. గీతకు అవతల నిలబడి వచ్చిన పిల్ల అది.

"అయితది" అన్నాను.

అక్క నా వీపు మీద గట్టిగా గిల్లింది. బస్సులో కూర్చున్నాక "అరే దేవా!" అని మొదలుపెట్టి బోధన్ వచ్చేదాకా మరాఠీ ఆపలేదు.

ఇంటికి వస్తూ ఒక సంచిలో ఆ బియ్యం తెచ్చుకున్నాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఇంట్లో పూట పూటకూ ఓడిపోయాను. మొదటిసారి ముద్ద. నీళ్లు తగ్గిస్తే అడుగు మాడి పైన పలుకు. ఎండబెడితే పచ్చి పోతుందని మిద్దె మీద ఎండలో ఆరబోశాను. ఎండ దెబ్బకు గింజలు చిట్లాయి, చిట్లిన గింజలు ఇంకా జిగురయ్యాయి. మా ఆయన పళ్లెం ముందు కూర్చుని, "ఇయ్యాల గూడ గిదేనా? పెండ్లి వాళ్లదేగాని తద్దినం నాదైనట్టుంది" అన్నాడు. మా అత్త మాత్రం సంతోషంగా ఉంది. "చెప్పిన గద, చేతిల ఉండాలె" అంటూ పక్కింటివాళ్లకు కూడా చెప్పి వచ్చింది.

నేను పట్టు వదల్లేదు. ఓడిన ప్రతిసారీ ఎందుకు ఓడానో అక్కతో పైకి చెప్పేదాన్ని. అట్లా చెబుతుంటేనే నాకు తర్వాత ఏం చేయాలో తోచేది. ఎండలో కాదు, నీడలో ఫ్యాను గాలికి ఆరబెట్టాలి. నానబెట్టకూడదు, కడిగి వెంటనే నీళ్లు వంపేయాలి. కొంచెం నూనెలో బియ్యం వేడెక్కేదాకా వేయించాలి. ఎసట్లో నిమ్మకాయ పిండాలి. పాత బియ్యానికి వేలి మొదటి కణుపు దాకా నీళ్లు పోస్తాం, దీనికి గోరు మునిగితే చాలు. ఒకరోజు పొద్దున మూత తీస్తే మెతుకులు విడివిడిగా నిలబడి ఉన్నాయి. నేను ఇంట్లో గట్టిగా అరిచాను. మా ఆయన ఏమైందోనని లుంగీ పట్టుకుని పరుగెత్తి వచ్చాడు. రెండోసారి పెట్టించుకుని తిన్నాడు. అత్త కూడా తింది, ఈసారి మాత్రం పక్కింటివాళ్లకు చెప్పి రాలేదు.

అక్కడితో గెలిచానని అనుకుంటే నేను ఉల్లిగడ్డలకే తగినదాన్ని. అదే రోజు ఇంకో గిన్నె పెట్టి, ఈసారి బియ్యం ఎక్కువ పోసి చూశాను. పైన బాగుంది, అడుగున ముద్ద. అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. ఆ సామెత చెప్పినవాడు ఇంటికి వండుకున్నవాడు, పెళ్లికి వండినవాడు కాదు. పెద్ద పాత్రలో పైబియ్యం బరువంతా కింది బియ్యం మీద పడుతుంది. పాత బియ్యం ఆ బరువు మోస్తుంది, కొత్త బియ్యం నలిగిపోతుంది. మా మేస్త్రి డేగిసాలో ఈ బియ్యం పోస్తే సగానికి పైగా పిసికిన మట్టి అవుతుంది. నేను ఇన్నేళ్లు దేని ముందు నిలబడాలని కలలు కన్నానో, నాకు వచ్చిన మొదటి పెళ్లిలోనే దాన్ని పక్కన పెట్టాలి. నిజం చెప్పాలంటే ఆరోజు నాకు ఏడుపొచ్చింది, ఈసారి ముందు ఉల్లిగడ్డలు కూడా లేవు. తర్వాత లేచి మొహం కడుక్కుని, చిన్న డేగిసాలు ఎవరెవరి దగ్గర ఉన్నాయో ఫోన్లు చేయడం మొదలుపెట్టాను.

పెళ్లికి ముందు రోజుల్లో పెళ్లికూతురు తన బియ్యాన్ని తనే ఇంట్లో తెల్లబట్టల మీద పరిచి, గది గదికీ ఫ్యాన్లు పెట్టి, గంట గంటకూ చేత్తో తిరగేసింది. వాళ్ల నానమ్మ గుమ్మంలో కాలు పెట్టే చోటు లేదని సణిగిందట. "పెళ్లికూతురు పసుపు చేతులతో బియ్యం తిప్పడం ఎక్కడైనా ఉందా?" అని అడిగిందట. బియ్యం కొంచెం పసుపు పట్టినా ఫరవాలేదని ఫోన్‌లోనే చెప్పాను.

పెళ్లిరోజు తెల్లవారేసరికి కళ్లంలో వరసగా పొయ్యిలు రాజుకున్నాయి. ఒక్కో పొయ్యి మీద ఒక్కో చిన్న డేగిసా. మేస్త్రి తనకింకొకటి ఉందని ఇచ్చి పంపిన పెద్ద డేగిసా పక్కన ఖాళీగా పడి ఉంది. నిప్పు చూడటానికి ఆయన పంపిన మగవాళ్లు ఇద్దరు మొహాలు ముడుచుకుని నిలబడ్డారు. పెద్ద డేగిసా ఎక్కని పెళ్లిలో పనిచేశామని పట్టణంలో చెప్పుకుంటే నవ్వుతారని వాళ్ల బాధ.

అప్పుడే పెళ్లికొడుకు పెద్దనాన్న టిఫిన్ అయ్యాక చేతులు తుడుచుకుంటూ వంటల దగ్గరికి వచ్చాడు. నిజామాబాద్ పెద్దమనిషి, తెల్లచొక్కా, చేతిలో ఫోను. వరసగా ఉన్న గిన్నెలను చూసి ఆగిపోయాడు.

"గిదేంది? పెండ్లి వంటనా, రోడ్డు మీది హోటలా? పెద్ద డేగిసా ఎక్కియ్యలేదా? మావోళ్లు బస్సులల్ల వస్తున్నరు, సూస్తే ఇజ్జత్ ఏముంటది?"

పెళ్లికూతురి తండ్రి అక్కడే ఉన్నాడు. ఆయన మొహం చూస్తే నాకు జాలేసింది. నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "అమ్మా, పెద్దదాంట్లోనే వెయ్యి. వాళ్ల ముందు పరువు పోద్ది" అన్నాడు. నిప్పు చూసే మగవాడొకడు "మేమూ గదే చెప్తున్నం పటేలా" అంటూ పెద్ద డేగిసా చెవి పట్టుకుని లేపబోయాడు.

"దానికి చెయ్యి పెడితే మర్యాద దక్కదు" అన్నాను. నా గొంతు టెంటు అవతలిదాకా వినబడిందని అక్క తర్వాత చెప్పింది. "అన్నా, ఇజ్జత్ ఇప్పుడు పోయినా పొద్దెక్కితే వాపస్ వస్తది. బువ్వ ముద్దయిందంటే మీ బిడ్డ పండించిన బియ్యానికి జిందగీ మొత్తం మాట పడతది. జర నా మాట ఇనుండ్రి."

ఆ మగవాడు డేగిసా చెవి వదిలేశాడు. పెద్దనాన్న ఫోను జేబులో పెట్టుకుని ఎటూ పోకుండా చూస్తున్నాడు. పెద్ద డేగిసా లేకపోతే ఆయన పోడు, ఆయన పోకపోతే ఈ తండ్రికి ఊపిరాడదు. అప్పుడు నాకు తట్టింది. పప్పుచారుకు ముద్దయ్యే భయం లేదు కదా!

"అక్కా, పెద్ద డేగిసా ఎక్కియ్యిండ్రి. బాట ముంగట, అందరికి కనవడేటట్టు. పప్పుచారు అండ్ల పోద్దాం."

అందరూ గబగబా కదిలారు. ఊరేగింపు దేవుణ్ణి మోసినట్టు నలుగురు కలిసి దాన్ని మోసుకెళ్లి దారి పక్కన పొయ్యి మీద పెట్టారు. పెద్దనాన్న దాని పక్కన నిలబడి ఫోటో కూడా దిగాడు. అందులో ఏముందో చూడలేదు.

నేను నా గిన్నెల దగ్గరికి వచ్చాను. బియ్యం వేయించి, ఎసరు పోసి, మూతల మీద నిప్పులు పెట్టాను. అక్క గంటె పట్టుకుని మూడుసార్లు మూత దగ్గరికి వెళ్లబోయింది. "చెయ్యి పెట్టకక్కా, గింజ విరుగుతది. ఆవిరి మూత అంచుల నుంచి సన్నగ వస్తున్నదంటే లోపల నీళ్లయిపోయినట్టు, గప్పుడు తీద్దాం" అన్నాను. నిప్పు చూసే మగవాళ్లకు కూడా అదే చెప్పాను. ఎందుకో, ఏమిటో మొత్తం చెప్పాను. వాళ్లు విన్నారు. ఎందుకని అడిగే అలవాటు వాళ్లకు లేదు కాబట్టి కొంచెం వింతగా చూస్తూ విన్నారు.

మొదటి గిన్నె మూత తీశాను. పైన బాగుంది. గంటె అడుగుకు దించితే పట్టుకుంది. మెత్తబడింది, ముద్ద కాదు కానీ మెత్తన. అక్క మొహం పాలిపోయింది. నేను ఇంకోచోట గంటె దించి చూశాను, అక్కడా అంతే. కానీ ఒక్క గిన్నే కదా పోయింది! పెద్దదాంట్లో వండి ఉంటే తప్పు ఒక్కసారే జరిగేది, కానీ అన్నం మొత్తానికి జరిగేది. వాళ్ల బోరు నీళ్లకు మా ఇంటి కొలత కొంచెం ఎక్కువైందని అర్థమైంది. తర్వాతి గిన్నెలకు ఎసరు ఇంకో చిన్న చెంబుడు తగ్గించమన్నాను. ఆ మొదటి గిన్నె అన్నం ఏమైందంటారా? లవంగాలు, పుదీనా ఏరేసి, చల్లార్చి, పెరుగు కలిపి, అల్లం పచ్చిమిర్చి తాలింపు పెట్టించాను. పెరుగన్నానికి మెత్తటి అన్నమే కదా కావాలి. వాళ్లు చెప్పిన వంటల్లో పెరుగన్నం లేదు. నేను అదనంగా చేసిపెట్టానని ఆ తండ్రి తర్వాత నాకు నమస్కారం పెట్టాడు, నేనూ వద్దనలేదు.

రెండో గిన్నె మూత తీశాం. గంటె అడుగు దాకా వెళ్లి తేలిగ్గా పైకి వచ్చింది. మెతుకులు దేనికది విడిపోయి, పొడుగ్గా, నూనె మెరుపుతో, ఒక్కటీ విరగలేదు. పాత బియ్యానికి లేనిది ఇంకొకటి ఉంది అందులో, తియ్యటి వాసన. కొత్త బియ్యం, పుదీనా, నెయ్యి కలిసిన ఆ ఆవిరి టెంటులోకి పోతే, పంక్తిలో కూర్చున్నవాళ్లు తలలు తిప్పి వంటల వైపు చూశారు. నా జన్మలో అంత ఆనందం నాకు ఇంకెప్పుడూ కలగలేదు. మా పెళ్లిలో కూడా కలగలేదని మా ఆయనకు చెప్పాను, ఆయనేం అనుకోలేదు.

ఆ తర్వాత పనంతా పరుగే. గిన్నె తర్వాత గిన్నె తీశాం, అన్నీ నిలబడ్డాయి. వడ్డించేవాళ్లు ఖాళీ పళ్లేలతో వచ్చి "ఇంకా బగార, ఇంకా బగార" అని అరుస్తుంటే, వంకాయ కూర వైపు చూసినవాడు లేడు. పట్టణం వాళ్లు బగారన్నానికి వంకలు పెట్టడంలో పేరున్నవాళ్లు. వాళ్లే మళ్లీ మళ్లీ పెట్టించుకున్నారు. పెళ్లికూతురి తండ్రి కుంటుకుంటూ పంక్తుల మధ్య తిరుగుతూ, కనబడ్డవాళ్లందరికీ చెప్పాడు: "మా అమ్మాయి పండించిన బియ్యమండీ. తనే నాటించింది, తనే కోయించింది." వినే ఓపిక లేనివాళ్లకు కూడా చెప్పాడు. చివరి పంక్తిలో పెళ్లికూతుర్ని, పెళ్లికొడుకును కూర్చోబెట్టారు. ఆ పిల్ల కూర కలుపుకోకుండా ముందు ఉత్త అన్నమే నోట్లో పెట్టుకుంది. నమిలి, తలెత్తి వంటల వైపు వెతికి నన్ను చూసింది. నవ్వింది. మేమిద్దరం అంతదూరం నుంచి, అంతమంది మధ్యలో, ఏదో యుద్ధం గెలిచినవాళ్లలా నవ్వుకున్నాం.

నవీపేట్ పెళ్లి ముగించుకుని మా మేస్త్రి మధ్యాహ్నం తిరిగాక వచ్చాడు. భుజం మీద తువ్వాలు, ఎప్పటిలాగే చేతులు వెనక్కి. వరసగా ఉన్న గిన్నెలను చూశాడు, దూరంగా పప్పుచారు డేగిసాను చూశాడు. అన్నం మిగిలిన గిన్నెలోంచి ఒక పిడికెడు తీసుకుని నిలబడే తిన్నాడు. ఇంకో పిడికెడు తీసుకున్నాడు.

అప్పుడే పెద్దనాన్న వచ్చాడు. పొద్దుటి తెల్లచొక్కా మీద ఇప్పుడు పసుపు మరకలు. మేస్త్రిని చూడగానే రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మేస్త్రీ, ఏం బగార చేసినవయ్యా! మావోళ్లు ఇసొంటిది తినలేదంటున్నరు. పొద్దుగాల గిన్నెలు సూసి నేను నారాజ్ అయిన గని, నీ చెయ్యే చెయ్యి!"

మా మేస్త్రి నోట్లో ఇంకా అన్నం ఉంది. ఆయన ఏమనేవాడో నాకు తెలియదు. మంచి మనిషే, నన్నే చూపించి ఉండేవాడు బహుశా. ఆ 'బహుశా' కోసం ఆగే ఓపిక నాకు లేకపోయింది. చేతులు కొంగుకు తుడుచుకుని వాళ్లిద్దరి మధ్యకు వెళ్లి నిలబడ్డాను.

"మేస్త్రిని నేనే. నాతోని చెప్పు."

పెద్దనాన్న నన్ను చూసి మేస్త్రి వైపు తిరిగాడు. మేస్త్రి మెల్లగా నమిలి మింగి, "గామెనే. నేనిప్పుడే వచ్చిన. ఎట్ల చేసిందో నాకు గూడ తెల్వది, నేను గూడ అడుగాలె" అన్నాడు. వెనకాల అక్క పెద్దగా నవ్వింది.

పెద్దనాన్న చొక్కా సర్దుకుని, మేస్త్రికి చెప్పినట్టే మర్యాదగా నాకు చెప్పాడు. మాఘంలో ఆయన చిన్నకొడుకు లగ్గమట, బగారన్నం ఇట్లనే కావాలట.

"గిదే బియ్యం తెప్పియ్యాల్నా, పాతయి తేవాల్నా?" అని అడిగాడు.

"నీకు ఏవి మంచిగనిపిస్తే అవి తే" అన్నాను. "ఏ బియ్యమైనా వండుత. తెచ్చినంక ముందుగాల నాకు సూపియ్యి."